పొదలు గ్రమ్మిన సెలయేటిలో ఈగగాలము

వానలు వెనుకపట్టిన పిమ్మట మన గ్రామములందలి చెఱువుగట్లమీద బాలురు వెదురుకఱ్ఱలు చేతబట్టుకొని కూర్చుండుట మనమందఱము చూచినదే. కఱ్ఱకొసకు దారము, దారమునకు జొన్నబెండు, బెండునకు దిగువ గాలము, గాలమునకు వానపాము. బెండు మునిగినప్పుడు లాగుటయే పని. ఈ విద్యకు ఓర్పు వలయును గాని నడక యక్కఱలేదు. నీడ దొరకినచోట కూర్చుండిన చాలును.

మేమిచ్చట వ్రాయబూనినది దీనికి దగ్గఱి చుట్టమే యైనను గుణమున మిక్కిలి భిన్నమైన యొక విద్యనుగూర్చి. చల్లని కొండయేళ్లలో వసించు ట్రౌటు అను చేపను బూటకపు ఈగతో పట్టుట ఆ విద్య. చిన్న గాలమునకు దారమును, ఈకలను, రోమములను చుట్టి, నీటిపై వ్రాలిన పురుగువలె కనబడునట్లు చేసినదే ఆ యీగ. మాంసము లేదు, వాసన లేదు. చేపను మోసగించునది కన్ను మాత్రమే. అందునను పెద్దనదులలోగాక, రెండు బారల వెడల్పైనను లేక, ఇరుప్రక్కల పొదలు పైన కలిసికొని సొరంగమువలె నేర్పడిన చిన్న సెలయేళ్లలో ఈ పని చేయుట అన్నిటికంటె కష్టమని దాని నెఱిగినవారు చెప్పుదురు. ఆ కష్టమునకు కారణమేమో, ఆ కష్టమే ఆ చేపకు ప్రాణరక్షణ మెట్లగుచున్నదో తెలుపుటయే మా యుద్దేశము.

గాలపు విద్య మిక్కిలి ప్రాచీనమైనది. సువార్తలలో వలలు పలుమాఱులు కానవచ్చును. గాలము మాత్రము ఒక్కసారియే, పన్ను చెల్లించుటకై పేతురును సముద్రమునకు పంపిన సందర్భమున, మత్తయి 17వ అధ్యాయములో. (తరగతిలో ఈ ప్రశ్న నడిగినప్పుడు చేతులెత్తువారు స్వల్పులు.) ఈగగాలమును గూర్చి క్రీస్తుశకము 200 ప్రాంతమున ఈలియను అను రోమను గ్రంథకర్త వ్రాసియున్నాడు: మాసిదోనియ దేశపు నదియొకదానియందు జనులు గాలమునకు ఎఱ్ఱని యున్ని చుట్టి, దానికి రెండు కోడియీకలు కట్టి, మచ్చల చేపలను పట్టుచుండిరట. ఇంగ్లండులో 1496వ సంవత్సరమున అచ్చయిన యొక పుస్తకము పండ్రెండు విధముల ఈగలను కట్టు రీతిని తెలిపినది. 1653లో ఐజాకు వాల్టను ప్రకటించిన గాలపుగ్రంథమునకు 1676లో చార్లెసు కాటను అను నాతని మిత్రుడు, తేటనీటి యేళ్లలో ఈగతో పట్టు విధానమును గూర్చి రెండవ భాగమును చేర్చెను. చిన్న యేళ్ల విషయమున మాత్రము మనకు ముఖ్యుడు స్కాట్లండువాడగు డబ్లియు. సి. స్టీవర్టు. ప్రవాహమున కెదురుగా నడచుచు, చేపకు వెనుకవైపునుండి ఈగను వేయవలెనని 1857లో నాతడు వాదించెను. నేడది సామాన్యమైన సంగతివలె తోచును గాని, ఆ కాలమున ననేకులు ఏటివాలున దిగుచు, చేపకన్నుల యెదుటనే నడచుచు, చేపలు లేవని ఏటిని నిందించుచుండిరి.

ఈ విద్యలోని మూలసూత్రము బరువునకు సంబంధించినది. వానపాముతో పట్టువాడు దూరముగా విసరవలెనన్న దారమునకు సీసపుగుండు కట్టును. గుండు ముందు పోవును, దారము దాని వెంట పోవును. ఈగగాలమున నట్లు చేయ వీలులేదు. బూటకపుదైనను ఈగ యీగయే. రాయివలె విసరినచో మూడడుగులైనను పోదు. కావున బరువును దారమునకే యిచ్చిరి. మందమైన బరువుగల దారమును మొదట వెనుకకు విసరుదురు. అది గాలిలో పూర్తిగా సాగి కఱ్ఱను వెనుకకు వంచినంతనే ముందునకు త్రోయుదురు. దారము గాలిలో చుట్ట విప్పుకొనుచు పోవును. దాని కొసన కంటికి కానరాని సన్నని దారపు పోగు, ఆ పోగు చివర ఈగ. చక్కగా చేసినప్పుడు ఈగ ఆకు రాలినట్లు నీటిపై వ్రాలును. దీనినిబట్టి చదువరులు గ్రహింపవలసినదేమనగా, ముందు ఎంత దూరము వేయదలచితిమో వెనుక నంత యెడము ఉండవలెను. పచ్చికబయలులో నిలుచున్నవాని కిది సులభము. మన సెలయేటిలోనో, వెనుక పొద, ముందు పొద, పైన కొమ్మలు.

మేమీ విద్యను కన్నులార చూచినది అమెరికాసంయుక్తరాష్ట్రములలో. టెన్నెసీ, ఉత్తర కరొలైనా రాష్ట్రముల సరిహద్దున దక్షిణ అపలాచియను పర్వతములు కలవు. ఆ పర్వతములలో 800 చదరపుమైళ్లకు మించిన ప్రదేశమును 1934లో గ్రేటు స్మోకీ పర్వతముల జాతీయవనముగా నేర్పఱచిరి. ఆ సమీపమున నుద్యోగము చేయుచున్న మా పాతవిద్యార్థి యొకడు కొన్ని సంవత్సరముల క్రిందట జూను మాసమున మమ్ము తన యింటికి పిలిపించుకొని, ఒకనాటి యుదయమున కొండపైకి తోడుకొనిపోయెను. బాల్యమున చెఱువుగట్టున కొఱమీనులను పట్టినవాడగుటచే నా దేశము చేరినపిమ్మట ఈగగాలము నభ్యసించెనట. మేము వెళ్లిన సెలయేఱు బాటనుండి కనబడలేదు. చప్పుడు మాత్రము వినబడెను. రోడోడెండ్రాను అను పొదలు, ఆకు రాల్చనివి, మనుష్యుని రెండింతల యెత్తున, ఒకదానిలో నొకటి చేతులు జొనిపినట్లు పెరిగియుండెను. అది పూచుకాలము. తెల్లని పూవులు రాలి నీటిపై తేలుచుండెను. ఆ పొదలలో మేము మోకాళ్లమీద ప్రాకి యేటిలోనికి దిగితిమి. ఆ దినమునకు మా వయస్సు మాకు బాగుగా జ్ఞప్తికి వచ్చినది.

అచ్చటి స్వదేశపు చేప బ్రూకుట్రౌటు. ట్రౌటని పిలుచుచున్నను శాస్త్రజ్ఞులు దీనిని చార్ అను వేఱొక శాఖలో చేర్చుదురు. (ఆ పేరు విని మన యింటి చారును తలపవలదు.) వీపు ముదురాకుపచ్చ; దానిపై పురుగు ప్రాకిన జాడలవంటి వంకరగీతలు. ప్రక్కల ఎఱ్ఱని చుక్కలు, ఒక్కొక్క చుక్క చుట్టును నీలి వలయము. క్రిందిఱెక్కలు నారింజవన్నె, వాని యంచున తెల్లని గీత, తెలుపు ప్రక్క నలుపు. ఆ యెత్తైన యేళ్లలో ఆహారము కొంచెము, చలి యెక్కువ. కావున చేప చిన్నదిగనే యుండును. తొమ్మిది పది యంగుళములు పెరిగినది పెద్దదానిక్రింద లెక్క. శరత్కాలమున ఆడుచేప గులకరాళ్లలో తోకతో గుంట త్రవ్వి గ్రుడ్లు పెట్టి, మరల రాళ్లతో కప్పును. చలికాలమంతయు రాళ్లసందుల ప్రవహించు తేటనీరే ఆ గ్రుడ్లకు ఊపిరి. ఆ సందులలో బురద చేరెనా, పిల్లలు పుట్టవు.

ఇక పట్టువాని సంగతి. అన్నిటికి ముందు చేప ఏమి చూచునో తెలిసికొనవలెను. ఇది మా పాఠములలోనిదే. వెడల్పైన గిన్నెలో అడుగున నాణెమునుంచి, నాణెము కనబడనంత దూరము జరిగి నిలుచుండి, గిన్నెలో నీరు పోయించినచో నాణెము పైకి తేలినట్లు కనబడును. వెలుగు నీటిని దాటునప్పుడు వంగుటయే దీనికి కారణము. ఇప్పుడు నాణెపు స్థానమున చేపకన్ను ఉన్నదనుకొనుడు. పైలోకమునుండి వచ్చు వెలుగంతయు వంగి, సుమారు 97 డిగ్రీల కోణముగల గరాటులో నిమిడి దానికన్నును చేరును. అనగా చేపకు నీటి పైభాగమున ఒక గుండ్రని కిటికీ మాత్రమే తెఱవబడియున్నది. ఆ కిటికీ యడ్డుకొలత చేపయున్న లోతునకు రెండుంబావు రెట్లు. అడుగు లోతున నున్న చేపకు రెండడుగుల మూడంగుళముల కిటికీ. దానికి వెలుపల నీటి పైతలము అద్దమువలె ఏటియడుగునే ప్రతిఫలింపజేయును. ఆకాశము, చెట్లు, ఒడ్డున నిలిచిన మనుష్యుడు, అందఱును ఆ చిన్న కిటికీలోనే సర్దుకొనవలెను. కిటికీ యంచున నుండునవి నలిగి, మసకబారి కనబడును. నీటిమట్టమునుండి పది డిగ్రీల కోణమునకు లోబడిన వస్తువు దాదాపు కానరానిదే. ఇరువదియడుగుల దూరమున పది డిగ్రీలనగా సుమారు మూడున్నర యడుగుల యెత్తు. నిలువబడినవాడు చేపకు దొరకిపోవును, మోకరించినవాడు దాగును. మా పాతవిద్యార్థి దినమంతయు మోకాళ్లమీద నడచుటకు కారణ మిదియే. తరగతిలో మేము చెప్పిన పాఠము నాతడు మోకాళ్లతో చదివినట్లు మాకు తోచెను.

చేప ఎల్లప్పుడును ప్రవాహమున కభిముఖముగా నిలుచును. ఆహారము పైనుండి కొట్టుకొనివచ్చును. మొప్పలలోనికి నీరును సులభముగా ప్రవేశించును. కన్నులు తలకిరుప్రక్కల నుండుటచే సరిగా వెనుకనున్నది దానికి కానరాదు. స్టీవర్టు చెప్పినట్లు దిగువనుండి యెగువకు పోవుటలోని యుక్తి ఇదియే. కాని కన్నొక్కటియే దాని కావలి కాదు. తలనుండి తోకవఱకు ప్రక్కను సాగిన యొక రేఖవలన నీటి కదలికలను పసికట్టును. ఒడ్డున బరువుగా అడుగు వేసినను, నీటిలో రాయి దొరలినను చాలును. నీడ మీద పడరాదు. తెల్లని చొక్కాయి కూడదు. మేము ధరించి వెళ్లిన తెల్లచొక్కాయిని మా విద్యార్థి మొగమాటమున నేమియు ననక, తన గోధుమవన్నె కోటును తెచ్చి మాకు తొడిగెను.

ఒక్కొక్క మడుగును దిగువ కొసనుండి మొదలిడవలెను. తొందరపడి పైభాగమున ఈగను వేసినచో, క్రిందిభాగమున నున్న చిన్నచేప బెదరి మీదికి పరుగెత్తి తక్కినవాని నన్నిటిని హెచ్చరించును. అప్పుడా మడుగును విడిచి పోవుటయే మేలు. ఒకచోట రెండు మూడు మాఱులు వేసిన చాలును. ఆ యేటిలోని చేప ఆకలిగొన్నది. ఆలోచించుటకు దానికి వ్యవధి లేదు. వచ్చునదైన మొదటనే వచ్చును, రానిది రాదు. ఈగ ఏ జాతిదను విషయమున పెద్దనదుల చేపకుండు పట్టింపు దీనికి లేదు. చీమ, పేడపురుగు, ఆకుపచ్చని గొంగళి, పసుపువన్నె చిన్న యీగ – కొమ్మలనుండి రాలు వీనిలో దేనిని పోలినను సరియే. ఈగ నడకలో మాత్రము తప్పుండరాదు. నీరు పోవు వేగముననే ఈగ పోవలెను. దారము వేఱొక పాయలో పడి లాగెనా, ఈగ నీటిపై గీత గీయుచు పరుగెత్తును. నిజమైన పురుగు అట్లు చేయదని చేపకు తెలియును. కావున కఱ్ఱను పైకెత్తి, దారమును నీటికి తాకనీయక, ఈగ నొక్కదానినే నీటిపై విడుతురు. చేప దానిని నోట బట్టి, మోసమని తెలిసికొని, రెప్పపాటులో ఉమ్మివేయును. ఆ రెప్పపాటులోనే మణికట్టు నెత్తవలెను.

కఱ్ఱ పొట్టిదై యుండవలెను, ఆఱేడడుగులు చాలును. వెనుక నెడము లేదు గావున దారమును పలువిధముల త్రోయుదురు. ఒడ్డున రాతిచాటున కూర్చుండి కఱ్ఱకొసనుండి ఈగను తిన్నగా నీటిపైకి దింపుట యొకటి. నీటిపైనున్న దారమునే చుట్టగా ముందునకు దొరలించుట మఱియొకటి. దీనియందు దారము వెనుకకు పోదు. కఱ్ఱను ప్రక్కకు వంచి కొమ్మలక్రిందుగా విసరుట యింకొకటి. వీనిలో మాకు మిక్కిలి వింతగా తోచినది విల్లుపద్ధతి. ఈగను, గాలపు మొన వ్రేలికి గ్రుచ్చుకొనకుండ వంపువద్ద రెండువ్రేళ్ల బట్టి వెనుకకు లాగుదురు. కఱ్ఱ విల్లువలె వంగును. గురిచూచి విడిచినంతనే కఱ్ఱ నిటారై ఈగ బాణమువలె పొదలసందున దూసికొనిపోవును. కుండపెంకు పట్టునంత సందున్న చాలును. జపానుదేశపు కొండయేళ్లలో టెంకరా అను నింకొక పద్ధతి కలదు: పొడవైన కఱ్ఱ, కొసకు ముడివేసిన దారము, దానికీగ; దారము చుట్టు చక్రమేలేదు. మన చెఱువుగట్టు బాలుని వెదురుకఱ్ఱకు ఇదియే సొంత సోదరుడు.

మేమును విల్లుపద్ధతిని ప్రయత్నించితిమి. మొదటిసారి ఈగ మా చొక్కాయిచేతికి తగులుకొనెను. రెండవసారి చక్కగా ఎగిరి, నీటికి రెండడుగుల పైన, వాలియున్న రోడోడెండ్రాను కొమ్మకు చిక్కెను. ఎంత లాగినను రాలేదు. ఆ కొమ్మక్రిందనే యొక చేప అప్పుడప్పుడు పైకివచ్చి పురుగును తినుట మాకు కనబడుచుండెను. ఆ కొమ్మయే లేకున్న నీపాటికి చేప మనదే గదా యనుకొని, కొమ్మను విఱుచుటకు చేయి చాచితిమి. మా విద్యార్థి వెంటనే, “వద్దు మాస్టారూ, దానిని విఱువకండి. ఆ కొమ్మ ఉన్నందుననే ఆ చేప అక్కడ ఉన్నది” అనెను. వనములోని చెట్టుకొమ్మను విఱుచుట అచ్చట నేరమన్న సంగతి యటుండనిండు. ఆ మాట మమ్ము నిలిపివేసెను.

వాడు చెప్పినది నిజము. బ్రూకుట్రౌటు చన్నీటిచేప. నీటివేడిమి 20 డిగ్రీల సెంటిగ్రేడునకు మించినకొలది దానికి కష్టము. 25 డిగ్రీల ప్రాంతమున ప్రాణాపాయము. వెచ్చబడినకొలది నీటిలో కరగియుండు ప్రాణవాయువు తగ్గును, చేప శరీరమున కది యెక్కువగా కావలసివచ్చును, రెండువైపుల నష్టమే. వేసవిలో ఎండను నీటిపై పడనీయక నిలుపునది ఈ పొదల కప్పు. ఆ కప్పునుండి రాలు చీమలు, పురుగులు వేసవినాటి భోజనము. రాలిన ఆకులు నీటిలో నాని రాళ్లక్రింది పురుగులకు మేత. ఆ పురుగులు చేపకు మేత. వేళ్లు ఒడ్డును పట్టియుంచి, గ్రుడ్లున్న గులకరాళ్లలోనికి మన్ను జాఱకుండ కాపాడును. దారమును చిక్కించు ప్రతి కొమ్మయు చేపకు గొడుగో, వంటయిల్లో, కోటగోడయో అగుచున్నది. కొంగకు, మనుష్యునికి అది యడ్డమన్న మాట వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆ కప్పును తీసివేసినచో నేమగునో ఆ పర్వతములు ఒకమాఱు చూచినవి. ఇరువదవ శతాబ్దారంభమున కలపవర్తకులు లోయలలోనికి ఇనుపదారులు వేసి కొండవాలులను పెద్దభాగము నఱికివేసిరి. ఎండ నీటిని కాచినది, వాన మన్నును తెచ్చి యేళ్లలో పోసినది. బ్రూకుట్రౌటు క్రిందియేళ్లనుండి మాయమాయెను. అప్పుడు జనులు ఖాళీయైన యేళ్లను నింపుటకై పసిఫికు తీరపు నదులకు చెందిన రెయిన్‌బోట్రౌటును తెచ్చి విడిచిరి. అడవి మరల పెరిగెను. నీరు మరల చల్లబడెను. కాని తిరిగివచ్చిన స్వదేశపు చేపకు తన యింట క్రొత్తవాడు కూర్చుండియుండెను. రెయిన్‌బో త్వరగా పెరుగును, చోటును, మేతను ఆక్రమించుకొనును. ఆ వనములో బ్రూకుట్రౌటు తన పూర్వపు నివాసములలో సుమారు నూటికి 75 పాళ్లు కోల్పోయినదని అధికారులు లెక్కించిరి. మిగిలినది జలపాతముల పైభాగమున. రెయిన్‌బో ఆ జలపాతముల నెక్కలేకపోయెను, అంతే కారణము.

1970 దశకమున ఆ వనమున క్రొత్తచేపలను విడుచుట మానిరి. బ్రూకుట్రౌటును పట్టుటయు సుమారు ముప్పది సంవత్సరములు నిషేధింపబడెను. 2006లో ఆ నిషేధమును తీసివేసిరి. ఈగతో పట్టువారివలన దాని సంఖ్యకు చెప్పదగిన హాని లేదని పరిశీలనలో తేలినది. వరదలు, అనావృష్టి దానిని ఎక్కువ తగ్గించుచున్నవట. ఇది మేము ఊహింపని సంగతి. గాలము పట్టినవాడే శత్రువని మనమనుకొందుము. ఇచ్చట గొడ్డలియు, వేడిమియు, పరదేశపు చేపయు నంతకంటె ఎక్కువ కీడు చేసినవి. కొన్ని యేళ్లలో జలపాతముల పైనుండి రెయిన్‌బోను విద్యుత్తుతోను, మందుతోను తొలగించి స్వదేశపు చేపను మరల నిలిపిరి. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల యను మన సామెత మాకు జ్ఞప్తికి వచ్చెను. అయినను త్రొక్కినపిమ్మట కడుగుకొనువానిని తప్పుపట్టరాదు.

ఇప్పుడు మఱియొక యపాయము వచ్చియున్నది. ఆ యేళ్లమీద రోడోడెండ్రానులకంటె పైయెత్తున హెమ్లాకు అను సూదియాకుల చెట్లు నీడనిచ్చును. జపానునుండి వచ్చిన యొక చిన్న పేను, ఆకుల మొదట తెల్లని దూదివలె అంటుకొని రసమును పీల్చి వానిని చంపును. 2002లో అది ఆ వనమున కనబడినది. మేము చూచిన లోయలోనే బూడిదవన్నె మ్రోడులు అనేకములు నిలిచియుండెను. చెట్ల మొదళ్ల మందు పోసియు, ఆ పేనును తిను పురుగులను విడిచియు కొన్నింటిని కాపాడుచున్నారు. కాని అడవి పెద్దది, మందు పోయు చేతులు కొద్ది.

మనదేశమున ఈ కథ తలక్రిందుగా నున్నది. నీలగిరులలో ట్రౌటు లేదు. 1863లో ఫ్రాన్సిసు డే అను వైద్యుడు దానిని తేజూచి విఫలుడాయెను. ఆంధ్రజిల్లాలును చేరియుండిన పూర్వపు మద్రాసు రాజధానిలో, ఇరువదవ శతాబ్దపు మొదటి దశకమున హెచ్. సి. విల్సను అను నధికారి అవలాంచి ప్రాంతమున గ్రుడ్లు పొదిగించి రెయిన్‌బోట్రౌటును స్థిరపఱచెను. స్మోకీపర్వతములలో ఆక్రమణదారుడని తఱిమివేయబడుచున్న చేపయే యిచ్చట పొదుగుశాలలో బిడ్డవలె పెంచబడినది. లోకమున మిక్కిలి హానికరములైన నూఱు పరదేశజీవుల పట్టికలో రెయిన్‌బోయు, ఐరోపాదేశపు బ్రౌనుట్రౌటును రెండును చేరియున్నవి. దాని యందమును మేము కాదనము. అయినను, చేప లేని యేటిని ఖాళీయనుకొనుటకు ముందు అందేమేమి వసించుచున్నదో చూడవలసియుండెనని మా యభిప్రాయము.

మా ఈగ విషయము చెప్పుట మఱచితిమి. గాలమును కొమ్మకు విడిచిపోయినచో పిట్టలు చిక్కుకొనునని చెప్పి, మా విద్యార్థి నడుములోతు నీటిలో దిగి, కొమ్మను మెల్లగా వంచి, ఈగను విడిపించి తెచ్చెను. చేప బెదరిపోయెను. మేము రాతిచాటున గడియసేపు కదలక కూర్చుంటిమి. తెల్లని పూవులు ఒకటొకటిగా కొట్టుకొనివచ్చుచుండెను. పిమ్మట కొమ్మక్రింద నీరు మరల ఉంగరమువలె విచ్చెను. ఈసారి వాడు మోకరించి, ఈగను రెండువ్రేళ్ల బట్టి, కఱ్ఱను వంచి విడిచెను. ఈగ కొమ్మకు క్రిందుగా పోయి పూవుప్రక్కన వ్రాలెను; పూవుతోపాటు ఒక జేన దూరము తేలెను; మాయమాయెను.

చేపను నీటినుండి పూర్తిగా నెత్తలేదు. ముందు చేతులు తడుపుకొనెను. పొడిచేయి దాని యొంటిపై జిగురుపొరను చెఱచునట. గాలమునకు వెనుకముల్లు లేదు గావున సులభముగా ఊడివచ్చెను. కొలచి చూడగా ఆఱంగుళములు. అచ్చటి నియమముప్రకారము ఏడంగుళములకు తక్కువైనదానిని ఉంచుకొనరాదు. ఉంచుకొనదగినదైనను తాను విడిచియే యుందునని వాడు చెప్పెను. నీలివలయముల ఎఱ్ఱచుక్కలను మేము చూచునంతలో అది వాని వ్రేళ్లసందునుండి జాఱి, తిన్నగా ఆ కొమ్మ నీడలోనికే పోయెను.